మబ్బు పట్టగానే పెరిగే నీళ్ళు

ఉద్యోగం చివరి మూడేళ్ళు నేను అనంతపురంలో పనిచేశాను. హోదా డి.ఇ., అంటే డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు. చూసుకునేది పరికరాల విభాగం. మా పైన ఇ.ఇ., అంటే ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు ఉంటారు, ఆయన సంతకాలు చేస్తారు. మా కింద ఎ.ఇ.లు, అంటే అసిస్టెంట్ ఇంజనీర్లు ఉంటారు, వాళ్ళు సైటుకు పోతారు. మధ్యలో డి.ఇ. దేనికి మేడం అని కొత్తగా చేరినవాళ్ళు అడిగేవారు. సైటులో పని చెడినప్పుడు ఇ.ఇ. గారు గట్టిగా మాట్లాడటానికి పక్కగదిలో ఒక మనిషి ఉండాలి కదా అని చెప్పేదాన్ని.

భూమిలో నీళ్ళు ఎంత లోతున ఉన్నాయో కొలవడం మా పని. నీళ్ళు ఇవ్వడం కాదు, కొలవడం మాత్రమే. కరువు జిల్లాలో ఈ తేడా ఎవరికీ నచ్చదు. పెళ్ళికి వచ్చి వడ్డన చేయకుండా విస్తళ్ళు లెక్కపెట్టే మనిషిని చూసినట్టు చూసేవారు మమ్మల్ని.

మాస్కులు ముక్కు మీద నుంచి గడ్డం కిందికీ, అక్కడి నుంచి జేబుల్లోకీ చేరిన ఏడాది, ఏప్రిల్‌లో జరిగిన సంగతి ఇది. గార్లదిన్నె మండలంలో ఒక పల్లె. పేరు చెప్పను, ఆ ఊరివాళ్ళు ఇప్పటికీ నాకు ఫోను చేస్తుంటారు. అక్కడ బోర్లున్న రైతులు కలిసి ఒక సంఘం పెట్టుకున్నారు. ఒకరు బోరు వేస్తే పక్కవాళ్ళది ఎండడం, వాళ్ళు ఇంకా లోతుకు వేయడం, ఇట్లా పోటీలుపడి అందరూ అప్పులపాలయ్యాక వచ్చిన తెలివి అది. పొలాల మధ్య మేం ఒక పరిశీలన బోరు వేసి ఇచ్చాం. దానికి మోటారు ఉండదు. లోపల నీళ్ళలో ఒక సెన్సార్ వేలాడుతుంటుంది. తన మీద నీరు ఎంత ఎత్తున నిలిచి ఉందో దాన్నిబట్టి అది చిన్న వోల్టేజి పంపుతుంది. ఆ వోల్టేజి తీగ వెంట వచ్చి డేటా లాగర్ అనే పెట్టెలోకి చేరుతుంది. పెట్టెలో వోల్టేజిని అందుకునే చోటును అనలాగ్ ఇన్‌పుట్ అంటారు. లాగర్ ఆ వోల్టేజిని నీటిమట్టంగా లెక్కగట్టి, తనలో ఉన్న సిమ్ కార్డు ద్వారా రైతుల ఫోన్లకు పంపుతుంది. ఫోనులో అది ఒక గీతగా కనిపిస్తుంది. ఊళ్ళో ఆ గీతను క్రికెట్ స్కోరు చూసినట్టు చూసేవారు.

సంఘం పెట్టుకున్న కట్టుబాటు ఒకటుంది. ఎవరి మోటారు వల్ల మట్టం పడిపోతున్నట్టు గీతలో తేలితే, వానలు పడేదాకా ఆ మోటారుకు తాళం వేస్తారు.

ఆ తాళం పడబోతున్నది ఓబుళమ్మ మోటారుకు. యాభై దాటిన మనిషి. భర్త లారీ తోలుతూ రాష్ట్రాలు తిరుగుతుంటాడు, సేద్యం మొత్తం ఈమెదే. మూడెకరాల చీనీతోట. కోస్తావాళ్ళు బత్తాయి అనే కాయనే మేం చీనీ అంటాం. ఆ ఏడాదే తోట సరిగ్గా కాపుకొచ్చింది. ఏప్రిల్, మే నెలల్లో నీళ్ళు ఆపితే చీనీచెట్టుకు ముందు కాయ రాలుతుంది, తర్వాత ఆకు రాలుతుంది, ఆ తర్వాత చెట్టు కట్టెల మోపుకు పనికొస్తుంది. మళ్ళీ నాటి కాపు చూడాలంటే ఏళ్ళు పడుతుంది.

ఒకరోజు పొద్దున ఆమె బస్సెక్కి నేరుగా మా ఆఫీసుకు వచ్చింది. బంట్రోతు బెంచీ చూపించినా కూర్చోలేదు. ఇ.ఇ. గారి గది తలుపు పట్టుకుని నిలబడింది.

"సారూ, మీ పెట్టె నా మీద అబద్ధం చెప్తాండాది. సోమారం నా మోటారుకు బీగం ఏస్తామంటాండారు. నా చెట్లు ఎండిపోతే మీ పెట్టెను పెరికి తెచ్చి ఈడ నాటుకుంటారా?"

పరికరాలు అబద్ధం చెప్పవమ్మా అన్నారు ఇ.ఇ. గారు. ఈ మాట ఇ.ఇ.లు మాత్రమే అనగలరు. పరికరాలతో పనిచేసేవాళ్ళెవరూ అనరు. ఆమెను పంపించి నన్ను పిలిచారు. సోమవారం లోపల పోయి చూసి, సెన్సార్ బాగానే ఉందని రిపోర్టు ఇచ్చేయమన్నారు. చూడకముందే రిపోర్టులో ఏముండాలో చెప్పడం ఆయనకున్న పెద్ద సుగుణం. మాకు ఎంతో సమయం కలిసొచ్చేది.

నిజానికి అప్పటికే మావాళ్ళు పోయి చూశారు. మా విభాగంలో "మార్చి చూద్దాం" అనే సంప్రదాయం ఒకటుండేది. అంకెలు తేడాగా వస్తే సెన్సార్ మారుస్తారు. అప్పటికీ తేడాగా వస్తే లాగర్ మారుస్తారు. అదీ కుదరకపోతే ఎ.ఇ.ని బదిలీ చేస్తారు. ఇక్కడ సెన్సార్ మార్చారు, లాగర్ మార్చారు, గీత మారలేదు. కాబట్టి గీత నిజమేనని ఎ.ఇ. రాసిచ్చాడు. ఆ కాగితమే సంఘానికి ఆధారమైంది. ఏదైనా కొలిచి చూశావా నాయనా అని ఆ పిల్లవాడిని అడిగితే, కొత్త సెన్సార్ కదా మేడం అన్నాడు.

శుక్రవారం మధ్యాహ్నం నేనూ, డ్రైవర్ ఖాజా బయల్దేరాం. ఖాజా మా శాఖలో నాకంటే సీనియర్. ఏ సైటుకు పోయినా, జీపు దిగకముందే, "వైరు లూజ్ ఉంటాది మేడం" అనేవాడు. పాతికేళ్ళుగా అదే మాట. అప్పుడప్పుడూ నిజమయ్యేది కూడా.

పరిశీలన బోరు ఓబుళమ్మ తోట గట్టునే ఉంది. లాగర్ పెట్టె ఆమె కంచె లోపల, సోలార్ పలకల పక్కన. కాపలాగా ఉంటుందని సంఘమే అక్కడ పెట్టించింది. ఊరందరివీ కరెంటు మోటార్లు, ఈమెది ఒక్కటే సోలార్ మోటారు. ఎండ ఉంటే నడుస్తుంది, మబ్బు పడితే ఆగుతుంది.

మేం పోయేసరికి సంఘం అధ్యక్షుడు తిమ్మారెడ్డి గట్టు మీద సిద్ధంగా ఉన్నాడు. తెల్లచొక్కా, చేతిలో పెద్ద ఫోను. చెడ్డమనిషి కాదు. రెండు బోర్లు ఎండబెట్టుకుని మూడోదాని మీద టమోటా పెట్టి, దాని వంక చూస్తూ బతుకుతున్నవాడు. కాకపోతే తాను ఒకసారి నమ్మింది ఇంకోసారి ఆలోచించాలంటే ఆయనకు మహా బద్ధకం.

"చూడండి మేడం. ఎండ కాస్తే నీళ్ళు పడిపోతాయి. మబ్బు పడితే పెరుగుతాయి. మబ్బుకు ఆమె మోటారు నిలిచిపోతాది గదా. ఇంగేం సాక్ష్యం కావల్ల? బొమ్మ గీసినట్ల ఉండాది," అని ఫోను నా ముఖం ముందు పెట్టాడు.

వాదనలో తప్పేమీ లేదు. ఓబుళమ్మ మోటారు నడిచినప్పుడల్లా గీత ఒక మనిషి ఎత్తు కిందికి దిగుతోంది, ఆగినప్పుడల్లా లేస్తోంది. తోట కంచె పట్టుకుని నిలబడి ఆమె ఈ మాటలన్నీ వింటోంది. నేను అంత నీళ్ళు తోడలేదు అని మాత్రం అంటోంది.

లాగర్ పావుగంటకొకసారి ఒక అంకె రాసుకుంటుంది. భూగర్భజలాలకు అంతకంటే తొందర అక్కర్లేదు. నేను లాప్‌టాప్ తగిలించి, సెకనుకొకటి రాసేట్టు మార్చి, మోటారు ఆపి మళ్ళీ వేయమన్నాను. ఓబుళమ్మ స్విచ్ వేసింది. స్విచ్ చప్పుడు నా చెవికి చేరేలోపలే మట్టం కిందికి పడింది. పడి, అక్కడ వణుకుతూ నిలబడింది. కాసేపటికి ఒక మబ్బుతునక ఎండకు అడ్డం వచ్చింది. మోటారు ఆగింది. మట్టం ఎగిరి పాతచోట కూర్చుంది.

నీళ్ళు అట్లా కదలవు. మా ప్రాంతంలో నీరు బండ సందుల్లోంచి ఊరుతూ, వెతుక్కుంటూ వస్తుంది. ఒక బోరు తోడితే పక్క బోరులో ఆ సంగతి తెలియడానికే చాలాసేపు పడుతుంది, కోలుకోవడానికి ఇంకా ఎక్కువ. రెప్పపాటులో మనిషి ఎత్తు దిగి, రెప్పపాటులో అంత ఎత్తు లేచే నీళ్ళు భూమిలో ఉండవు. తరతరాలుగా మబ్బు వంక చూస్తూ బతికే ఊరు అది. వాన చుక్క పడకుండా, మబ్బు పట్టగానే బోరులో నీళ్ళు పెరుగుతున్నాయంటే ఎవరికైనా అనుమానం రావాలి కదా. రాలేదు. ఆ వింతకు తగిలించడానికి ఒక మనిషి పేరు చేతిలో ఉంటే ఇంక ఆలోచన దేనికి?

ఇది నాయిస్ అని నాకు అర్థమైంది. మా వృత్తిలో నాయిస్ అంటే చెవికి వినపడే రొద కాదు. మనం పంపని వోల్టేజి మన తీగలోకి దూరి, మనం పంపినదానిలాగే నటిస్తే దాన్ని నాయిస్ అంటాం. సోలార్ మోటారుకు కంట్రోలర్ అని ఒక పెట్టె ఉంటుంది. పలకల నుంచి వచ్చే కరెంటును అది సెకనుకు వేలసార్లు తెగ్గొట్టి మోటారుకు పంపుతుంది. ఆ తెగ్గొట్టడంలో కొంత కరెంటు ఎర్తులోకి కారిపోతుంది. అది మన సెన్సార్ తీగలోకి దారి చేసుకుందంటే, లాగర్ ఆ తెగిన కరెంటు తునకలను తునకలుగా చూడదు. అన్నిటినీ కలిపి ఒక తప్పు అంకెగా మింగేస్తుంది. ఆ తప్పు అంకెకు ఊళ్ళో ఓబుళమ్మ అని పేరు పెట్టారు.

నాకు అర్థమైతే చాలదు. తిమ్మారెడ్డికి అర్థం కావాలి. నాయిస్ అని చెప్పి చూశాను.

"చప్పుడు చేస్తాదని తెలుసు మేడం. చప్పుడుకు నీళ్ళు తగ్గుతాయా?" అన్నాడు.

ఇట్లాంటప్పుడు చేయడానికి ఒక పాత పద్ధతి ఉంది. సెన్సార్ తీసేసి, దాని స్థానంలో మనకు విలువ తెలిసిన వోల్టేజి ఒకటి పెట్టాలి. గోడగడియారానికి వేసే మామూలు సెల్లు చాలు. సెల్లు వోల్టేజి మారదు కాబట్టి గీత మారకూడదు. మారిందంటే మార్చినవాడు దారిలో ఉన్నాడన్నమాట. సంచిలోంచి సెల్లు తీయబోయాను. తిమ్మారెడ్డి ఒప్పుకోలేదు.

"సెల్లు మీది, మిషను మీది. మీరేం చెప్పమంటే అది చెప్తాది."

అయితే మీ సెల్లే తెప్పించండి అన్నాను. ఆయన ఇంటికి ఫోను చేశాడు. కాసేపటికి ఆయన తమ్ముడు మోటారుసైకిల్ మీద టీవీ రిమోట్‌లోని సెల్లు పట్టుకొచ్చాడు. సీరియల్ వచ్చే వేళకు సెల్లు ఇంట్లో ఉండాలని వదిన చెప్పిందని కూడా చెప్పాడు. దాంతో మాకు గడువు ఏర్పడింది.

మొదట సెల్లును లాగర్ దగ్గరే, నేరుగా అనలాగ్ ఇన్‌పుట్‌కు కలిపాను. మోటారు వేయించాను. గీత కదల్లేదు. "చూడప్పా, మిషను బాగుండాది. నేను చెప్పలా?" అని తిమ్మారెడ్డి తమ్ముడి వైపు తిరిగి సంతోషపడ్డాడు. ఓబుళమ్మ ముఖం వాడిపోయింది. లాగర్ మంచిదేనని నేనూ ఒప్పుకున్నాను. తర్వాత అదే సెల్లును తీగ అవతలి కొసకు, బోరు మూత దగ్గర సెన్సార్ కలిసే చోటికి తీసుకుపోయి అక్కడ కలిపాను. సెన్సార్‌ను పూర్తిగా విడదీసి పక్కన పెట్టాను. ఇప్పుడు లాగర్‌కూ బోరులోని నీళ్ళకూ ఏ సంబంధమూ లేదు. ఈ మాట రెండుసార్లు చెప్పి, తిమ్మారెడ్డి చేత కూడా చెప్పించి, మోటారు వేయించాను.

గీత కిందికి దూకింది. ఒక మనిషి ఎత్తు.

"రెడ్డిగారూ, మీ రిమోట్ సెల్లులో నీళ్ళు ఓబుళమ్మ ఎప్పుడు తోడింది?" అని అడిగాను.

ఆయన లాప్‌టాప్ మీదికి వంగి చూశాడు. తర్వాత, "సెల్లు పాతది మేడం," అన్నాడు.

తమ్ముడు నవ్వు ఆపుకోలేక బండి దగ్గరికి పోయాడు. మోటారు ఆపి వేయించాను. ఆగినప్పుడు సెల్లు కొత్తదయింది, నడిచినప్పుడు పాతదయింది. మూడోసారికి ఆయనే ఓబుళమ్మకు సైగ చేసి ఆపమన్నాడు, వేయమన్నాడు, మళ్ళీ ఆపమన్నాడు. ఆపినప్పుడల్లా గీత లేవడం చూసి చివరికి సెల్లు తీసి జేబులో వేసుకున్నాడు. "ఇది నీళ్ళ సంగతి కాదు," అని తనలో తాను అనుకున్నట్టుగా, అందరికీ వినపడేట్టుగా అన్నాడు. ఆ మాట ఆయన నోటి నుంచి రావడం నాకు చాలా సంతోషమనిపించింది. నా నోటి నుంచి వంద వచ్చినా దానికి సాటిరావు.

ఇక ఆ కరెంటు మా తీగలోకి ఎట్లా వస్తోందో చూడాలి. తీగ వెంట నడిచాం. సెన్సార్ తీగల చుట్టూ సన్నని రాగి అల్లిక ఉంటుంది, దాన్ని షీల్డు అంటాం. బయటి కరెంటు లోపలి తీగలను ముట్టకుండా కాపాడే తొడుగు అది. దాన్ని ఒక్క కొసనే ఎర్తుకు కలపాలి. రెండు కొసలా కలిపితే తొడుగు తొడుగుగా ఉండదు, అదే కరెంటుకు దారవుతుంది. మా కాంట్రాక్టరు మనుషులు రెండు కొసలా కలిపారు. బోరు దగ్గర, మట్టి కూలకుండా బోరులో దింపే ఇనుప కేసింగ్ పైపుకు బిగించి, పెట్టె దగ్గర ఎర్తు బోల్టుకు బిగించారు. తర్వాత ఫోను చేసి అడిగితే, ఒక పక్కనే కడితే ఊడిపోతుందేమోనని అన్నారు. పని గట్టిగా చేశారు, అందులో సందేహం లేదు.

అయితే దారి ఉంటే చాలదు, దాంట్లోకి కరెంటు తెచ్చిపోసేది ఒకటుండాలి. పెట్టె ఎర్తు బోల్టు నుంచి మా డ్రాయింగులో లేని ఇనుపతీగ ఒకటి బయల్దేరి, కంచె కింద నుంచి దూరి, సోలార్ మోటారు ఎర్తుగుంటలోకి దిగింది. గుంట తడిగా ఉంది. ఏప్రిల్ ఎండలో కూడా అది ఆరలేదు. ఖాజా దాన్ని చూసి, "ఇది లూజ్ కాదు మేడం, టైటే," అని ఒప్పుకున్నాడు.

ఈ తీగ ఎవరు వేశారని అడిగాను. ఓబుళమ్మ కొంచెం గర్వంగానే చెప్పింది.

"నేనే ఏపిచ్చినా. మీవాళ్ళు పెట్టెకు పెట్టిన ఎర్తు ఏం సాలుతాదమ్మా, మూరెడు కడ్డీ. ఈ నేలలో దానికి ఏం అందుతాది? పిడుగు పడి పెట్టె కాలిపోతే ఓబుళమ్మే కాల్చిందంటారు. అందుకే మెకానిక్‌ను పిలిచి నా ఎర్తుకు కలిపిచ్చినా. దినాం పొద్దున్నే ఆ గుంటకు బిందెడు నీళ్ళు తాపుతాండా."

ఇది బయటివాళ్ళకు చెప్పాలి. మా నేల ఎంత పొడిగా ఉంటుందంటే, ఎర్తు కడ్డీ పాతితే అది భూమిలో ఉన్నట్టు కరెంటుకు తెలియదు. ఉప్పూ బొగ్గూ వేసి గుంట తీసి, దాంట్లో నీళ్ళు పోస్తుండాలి. ఏ మోటారు కొట్టం దగ్గర చూసినా పొద్దున స్టార్టర్ నొక్కే ముందు ఎర్తుగుంటలో బిందెడు నీళ్ళు పోసే మనిషి కనబడతాడు. తాగడానికి కరువైన రోజుల్లో కూడా ఎర్తుకు కరువు లేదు. అలవాటు మంచిదే, ఎర్తు లేని మోటారు మనుషులను చంపుతుంది. ఓబుళమ్మ చేసిన తప్పల్లా తన మోటారు మీద చూపించే శ్రద్ధను మా పెట్టె మీద కూడా చూపించడం. మోటారు నుంచి ఎర్తులోకి కారే కరెంటు ఆమె వేయించిన తీగెక్కి, పెట్టె బోల్టు దగ్గర మావాళ్ళు తెరిచిపెట్టిన షీల్డులోకి దూరి, బోరు దాకా నడిచి కేసింగ్ పైపు ద్వారా నేలలో దిగుతోంది. ఆ నడకే గీతలో నీళ్ళు తగ్గినట్టు కనబడుతోంది. గుంట ఎంత తడిగా ఉంటే అంత బాగా నడుస్తోంది.

వీలైనంత మెత్తగా చెప్పాను. ఆమె తీగ వంకా, గుంట వంకా చూసింది.

"అయితే నా మీద నేనే చాడీలు చెప్పుకుంటాండానా, బిందెతో నీళ్ళు పోసి?"

తిమ్మారెడ్డి నవ్వాడు. ఆమె ఒక్క చూపు చూసేసరికి ఆపేశాడు.

బాగుచేయడం కష్టం కాలేదు. బోరు కొసన షీల్డు విప్పేశాను. ఆమె ఇనుపతీగ తీసేయించాను. పెట్టెకు మోటారు గుంటకు దూరంగా విడిగా ఒక ఎర్తు పెట్టించాను, సరైన లోతుకు, ఉప్పూ బొగ్గూ వేసి. లాగర్‌లో అనలాగ్ ఇన్‌పుట్‌ను డిఫరెన్షియల్ అనే పద్ధతికి మార్చాను. ఇంతకుముందు అది సెన్సార్ తీగను ఎర్తుతో పోల్చి చూసేది. ఇప్పుడు సెన్సార్ రెండు తీగల మధ్య తేడా మాత్రమే చూస్తుంది, ఎర్తు ఏమన్నా పట్టించుకోదు. తర్వాత అందరం గట్టు మీద కూర్చుని మబ్బు కోసం చూశాం. మబ్బు కోసం ఎదురుచూడటం ఆ ఊరికి కొత్త కాదు. మబ్బు వస్తే ఏమీ జరగకూడదని ఎదురుచూడటం మాత్రం అదే మొదలు. ఒకటి వచ్చింది. మోటారు ఆగింది. గీత ఆగలేదు, లేవలేదు, తన దారిన తాను పోయింది.

ఓబుళమ్మ తోటలోకి పోయి కొంగునిండా చీనీకాయలు తెచ్చి జీపులో పోసింది. వద్దన్నా వినలేదు. ఆమె దృష్టిలో కేసు ముగిసింది.

నా దృష్టిలో ముగియలేదు, అదే చిక్కు. నాయిస్ పోయాక మిగిలిన గీత సమంగా లేదు. మెల్లగా కిందికే పోతోంది. ఇంతకాలం ఆ పెద్ద పెద్ద గెంతుల మధ్య ఎవరికీ కనబడలేదు, అంతే. ఇ.ఇ. గారికి ఫోను చేశాను. దోషం దొరికింది, తీసేశాం అని ఒక్క వాక్యం రాసి ఇచ్చేయండి, మిగతాది వాళ్ళ ఊరి గొడవ అన్నారు. ఆయన మాటలో న్యాయం లేకపోలేదు. కానీ మా శాఖ రాసిన తప్పు కాగితం పట్టుకుని ఒక మనిషిని దోషిని చేశారు. ఇప్పుడు సగం నిజం రాసిస్తే దాన్ని పట్టుకుని ఇంకేమైనా చేస్తారు. అందుకని మరుసటి రెండు రోజులూ అక్కడికే పోయాను.

శనివారం పొలాల కరెంటు పోయాక, ఊళ్ళో మోటార్లన్నీ ఆగి ఉండగా ఓబుళమ్మ మోటారు ఒక్కటే నడిపించాను. చాలాసేపు ఏమీ కాలేదు. ఆ తర్వాత గీత వంగింది. కొద్దిగానే, కానీ వంగింది. ఆదివారం ఆమెను మధ్యాహ్నం దాకా మోటారు వేయవద్దని చెప్పి మిగతావాళ్ళను వేసుకోనిచ్చాను. గీత ఇంకాస్త ఎక్కువగా వంగింది. తిమ్మారెడ్డి ఒక్కరి మోటారు నడిచినప్పుడూ వంగింది. ఎవరిదీ పెద్ద దొంగతనం కాదు. అందరిదీ కలిస్తే వానలదాకా బోర్లు నిలిచేట్టు లేవు.

సోమవారం సంఘం కూర్చున్నప్పుడు ఇవన్నీ చదివాను. ఓబుళమ్మ మోటారు మీద వేసిన నింద తప్పని, ఆ తప్పు మా పరికరానిదని మొదట చెప్పాను. ఆమె ముఖంలో వెలుగు చూశాను. తర్వాత ఆమె మోటారు కూడా నీటిని తగ్గిస్తోందని, అందరి మోటార్లలాగానే అని చెప్పాను. ఆ వెలుగు పోవడమూ చూశాను.

"నువ్వు నా పక్క అనుకున్నా మేడమ్మా," అంది.

నాకు కష్టమనిపించింది. ఆమె చీనీకాయలు ఇంకా మా ఇంట్లో బుట్టలో ఉన్నాయి. అయినా చదవడం ఆపలేదు.

కాగితం ముగిశాక తిమ్మారెడ్డి గొంతు సవరించుకున్నాడు.

"అయితే ఇప్పుడు బీగం ఎవరికి ఏయల్ల?"

తాళం ఒకటే తెచ్చుకున్నారు, మోటార్లేమో చాలా ఉన్నాయి. ఇంతకాలం ఓబుళమ్మ వంక వేలు చూపించినవాళ్ళు, ఆ వేలిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక మీసం దువ్వుకున్నారు, తలగోక్కున్నారు. ఒకాయన చెప్పులు వెతుక్కున్నాడు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పింది ఓబుళమ్మే. అందరం తోడేవాళ్ళమే అయితే అందరికీ వంతులు పెట్టమంది. తన చెట్లు దినం విడిచి దినం నీళ్ళతో బతుకుతాయి, కాయ నిలవకపోయినా చెట్టు నిలుస్తుంది అంది. తిమ్మారెడ్డి, "నా టమోటా నిలవదు," అన్నాడు. "సగం పెరికెయ్యన్నా. నన్ను మొత్తం తోటే పెరికేయమంటివి గదా," అని ఆమె జవాబిచ్చింది.

ఆయన సగం పెరికాడు. వంతులు అమలయ్యాయి, గొణుగుడుతో సహా. ఆ వేసవి ఓబుళమ్మ చెట్లన్నీ నిలిచాయి, కాయ సగానికి పైగా రాలిపోయింది. గీత పూర్తిగా ఆగలేదు గానీ, వానలొచ్చేదాకా బోర్లు ఎండకుండా దిగింది. ఆ తర్వాత నేను రెండు మూడుసార్లు అటుగా పోయాను. ఓబుళమ్మ మజ్జిగ ఇచ్చింది, చీనీకాయలు ఇవ్వలేదు.

ఆ పనిలో నేను నేర్చుకున్నవి రెండు. ఒక పరికరం చెప్పిన మాట పట్టుకుని ఎవరి మీదనైనా తీర్పు రాసేముందు, మనకు జవాబు తెలిసిన ప్రశ్న ఒకటి ఆ పరికరాన్ని అడిగి చూడాలి. ఇది ఏ ఎ.ఇ.కైనా ఒక పూటలో నేర్పొచ్చు. రెండోది నేర్పడం కష్టం. నాయిస్ ఉన్నంతకాలం తప్పు ఒకరిది. అది తీసేస్తే అందరిదీ. అందుకే నాయిస్ తీసేయమని మమ్మల్ని పిలిచేవాళ్ళు తక్కువ.